తూకం వేసే ముందు ఆ పెట్టెలు ఒకసారి విప్పండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో ఒక చిన్న వార్త చదివాను. ఒక విద్యాసంస్థ తన స్టోర్ రూమ్‌లో ఏళ్ల తరబడి పేరుకుపోయిన పాత కంప్యూటర్లను కిలోల లెక్కన అమ్మడానికి టెండర్ పిలిచిందని, గది ఖాళీ అయితే అందులో క్లాసు పెడతారని రాశారు. పిల్లలకు గది కావాల్సిందే, దానికి నా అభ్యంతరం ఏమీ లేదు. కాని వార్తలో ‘ఎందుకూ పనికిరాని సామాను’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. పక్కన వేసిన ఫొటోలో ముందు వరుసలోని ఒక పెట్టె వెనుక వైపు కనిపిస్తున్నది. నిలువు రేకు పట్టీ మీద చిన్న చిన్న గుండ్రటి రంధ్రాలు, వాటి నడుమ వేలితో తిప్పే వాల్యూమ్ చక్రం, పక్కనే పదిహేను పిన్నుల పోర్ట్. అది సౌండ్ కార్డ్, కంప్యూటర్ చేత శబ్దం పలికించే పలక. అదీ తొలి రోజుల కార్డ్. ఆ చక్రం మీద నా వేలు ఎన్ని సాయంత్రాలు తిరిగిందో నాకు తెలుసు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైతే కోపగించుకోకండి. కత్తిరించాల్సి వస్తే చివరి భాగం మాత్రం ఉంచండి.

మా బాపు హార్మోనియం వాయించేవాడు. జనగామ నుంచి పరకాల దాకా ఏ ఊళ్లో పౌరాణిక నాటకం పడ్డా, యక్షగానం పడ్డా పిలుపు వచ్చేది. రాత్రి తొమ్మిదికి మొదలైతే తెల్లవారి కోడి కూసేదాకా పెట్టె ముందు నుంచి లేచేవాడు కాదు. పద్యం ఎత్తుకున్న నటుడి గొంతు ఎటు పోతే ఈయన వేళ్లు అటు పోవాలి. మోహన రాగంలో గాంధారం (‘గ’ స్వరం) మీద నిలబడి ఎవరైనా రాగం సాగదీస్తే జనం చప్పట్లు కొట్టేవాళ్లు. బాపు మాత్రం ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని అదే తలుచుకునేవాడు. “ఆయన గాంధారం ఒక తాన ఉన్నది బిడ్డా, నా మెట్టు ఒక తాన ఉన్నది. రెండు కలువయి.”

హార్మోనియం సంగతి తెలిసినవాళ్లకు ఆ బాధ అర్థమవుతుంది. స నుంచి పై స దాకా ఉండే స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి ఒక్కో భాగానికి ఒక రీడ్ బిగిస్తారు. రెండు మెట్ల మధ్య ఏమీ ఉండదు. పంచమం (ప) నుంచి గాంధారానికి గొంతు జారుకుంటూ దిగుతుంది, హార్మోనియం రెండు మెట్లు దూకి దిగుతుంది. ఆకాశవాణి 1940లో ఈ పెట్టెను గుమ్మం బయట పెట్టి 1971 దాకా లోపలికి రానివ్వకపోవడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి, గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జారించడం, పలకదని. బాపుకు ఆ మాట వింటే కోపం వచ్చేది. కాని కోపం చల్లారాక ‘అందులో నిజం లేకపోలేదు’ అని ఆయనే ఒప్పుకునేవాడు.

నేను 1994లో డిగ్రీ అయిపోగానే హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక డీటీపీ సెంటర్లో చేరాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు. నెలకు తొమ్మిది వందల జీతం. మాఘమాసంలో ముహూర్తాలు మొదలైతే రాత్రి పదింటి దాకా కూర్చునేవాళ్లం. ఆ మరుసటి ఏడు మా సార్ పాత 386 కంప్యూటర్ మిషన్ ఒకటి పక్కన పెట్టి కొత్తది కొన్నారు. ‘పాతదాని మీద నువ్వు ఏమైనా నేర్చుకో అమ్మా’ అన్నారు. అప్పటికి ఆర్‌ఈసీలో చదివే ఒక తమ్ముడు మా సెంటర్‌కు ప్రాజెక్ట్ రిపోర్ట్‌ల కోసం వస్తుండేవాడు. ఇప్పుడు నిట్ అంటున్నది అప్పుడు ఆర్‌ఈసీ. కంప్యూటర్‌తో పాట కట్టొచ్చని మొదట చెప్పింది అతనే. అంతవరకు నాకు తెలిసిన కంప్యూటర్ సౌండ్ అంటే తప్పు మీట నొక్కితే లోపలి చిన్న స్పీకర్ చేసే కీచు ఒక్కటే.

సికింద్రాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో సౌండ్ బ్లాస్టర్ 2.0 కార్డ్ దొరికింది. రెండు నెలల జీతం పోయింది. గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో కాజీపేట దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. బిగించిన రోజు అసలు పలకలేదు. అది మిషన్‌ను పిలిచే గంట, అంటే ఇంటరప్ట్ నంబర్, 7 మీద ఉంది, ప్రింటర్ పోర్ట్‌ది కూడా అదే నంబర్. ఇద్దరికీ ఒకే గంట పెడితే ఎవరికి తలుపు తీయాలో మిషన్‌కు తెలియదు. కార్డ్ మీద ఉన్న జంపర్ అనే చిన్న క్లిప్పును కనుబొమలు సరిచేసుకునే పట్టకారుతో పీకి 5 మీదికి మార్చాను. మిషన్ ఆన్ కాగానే చదివే ఆటోఎగ్జెక్ ఫైల్‌లో ‘సెట్ బ్లాస్టర్ ఎ220 ఐ5 డి1 టి3’ అని ఒక లైను రాశాను. ముప్పై ఏళ్లు దాటినా మా ఇంటి ఫోన్ నంబర్ కన్నా అదే ముందు గుర్తొస్తుంది.

ఆ కార్డ్‌లో నాదం పుట్టించేది యమహా వాళ్ల వైఎం3812 అనే చిప్. వేలి గోరంత కన్నా కొంచెం పెద్దది. ఒకేసారి తొమ్మిది స్వరాలు పలుకుతుంది. అదే చిప్ 1987లో కెనడాలోని క్యూబెక్ నుంచి వచ్చిన యాడ్‌లిబ్ కార్డ్‌లో ఉండేది. యాడ్‌లిబ్ కంపెనీ పెట్టిన మార్టిన్ ప్రెవెల్ అక్కడి లావాల్ యూనివర్సిటీలో సంగీతం చెప్పిన ప్రొఫెసర్. సౌండ్ బ్లాస్టర్ చేసిన సింగపూర్ క్రియేటివ్ కంపెనీ స్థాపకుడు సిమ్ వాంగ్ హూ చిన్నప్పుడు హార్మోనికా వాయించినవాడు. హార్మోనికా, హార్మోనియం ఒకే జాతి, రెండింటిలోనూ గాలికి ఆడే రీడే. ఈ సంగతులు నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిశాయి. తెలిశాక ఆశ్చర్యం అనిపించలేదు. ఆ కార్డ్‌తో కూర్చున్న మొదటి వారంలోనే ఇది ఎవరో సంగీతం తెలిసినవాళ్ల చేతి పని అని అనిపించింది.

చిప్ నాదం చేసే పద్ధతి గురించి ఒక్క మాట చెప్పనివ్వండి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జాన్ చౌనింగ్ అనే స్వరకర్త 1967లో కంప్యూటర్‌తో ఒక స్వరాన్ని ఊపి చూస్తున్నాడు. మనం కంపితం అంటామే, అలా. ఊపు వేగం పెంచుకుంటూ పోయాడు. ఒక హద్దు దాటాక ఊపు ఊపులా వినపడటం మానేసింది, స్వరం రంగే మారిపోయింది. ఒకసారి గంటలా, ఒకసారి ఇత్తడి వాయిద్యంలా. ఒక అల పాడుతుంటే ఇంకో అల దాన్ని ఊపుతుంది, అంతే కిటుకు. యమహా దాన్ని తీసుకుని 1983లో డీఎక్స్7 కీబోర్డ్ చేసింది, తర్వాత ఈ చిన్న చిప్‌లు చేసింది. ‘కంప్యూటర్ నాదంలో గమకం ఉండదు’ అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఆ నాదం పుట్టిందే స్వరాన్ని ఊపడంలోంచి.

ఆర్‌ఈసీ తమ్ముడు చిప్ పట్టికల జిరాక్స్ కాగితాలు తెచ్చిచ్చాడు. క్యూబేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ‘అవుట్’ అని ఒక ఆదేశం ఉంటుంది. 388 అనే తలుపు దగ్గర గడి నంబర్ చెప్పి, 389 అనే తలుపులో ఆ గడికి అంకె వేయాలి. ఒక గడిలో స్వరం ఎంత త్వరగా లేవాలి అన్నది 0 నుంచి 15 దాకా ఉంటుంది. 15 పెడితే సుత్తి దెబ్బలా దిగేది. బాపు పక్కన స్టూల్ మీద కూర్చుని “గంత తొందర వద్దు, గాలి నిండాలె” అనేవాడు. తగ్గిస్తూ తగ్గిస్తూ 6 దగ్గరికి వచ్చేసరికి బెల్లోస్ నొక్కగానే రీడ్ లేచినట్టు లేచింది. ఆయనకు ఇంగ్లిష్ రాదు, కీబోర్డ్ ముట్టుకోలేదు. నేను అంకె మార్చడం, ఆయన చెవితో ఔననడం కాదనడం. పదిహేను రోజులు సెంటర్ మూసే వేళకు వచ్చి అలా కూర్చున్నాడు.

శ్రుతి కూడా అంకెతోనే. 0 నుంచి 1023 దాకా ఒక సంఖ్య వేయాలి. మధ్య స్థాయిలో ఒక్కో అంకె ముప్పావు హెర్ట్జ్ (హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనం). ఒకటో శ్రుతి షడ్జమం (స) 345. పంచమం దానికి ఒకటిన్నర రెట్లు, 517. హార్మోనియంలో కూడా పంచమం దాదాపు అక్కడే ఉంటుంది. తేడా అంతా గాంధారంలో. హార్మోనియం లెక్కన మోహనలో పలికే అంతర గాంధారం 435 దగ్గర పడుతుంది. తంబుర ముందు పాడే గొంతు నిలబడే చోటు షడ్జమానికి ఒకటింపావు, అంటే 431. నాలుగంకెలు, మూడు హెర్ట్జ్. ఆ మూడు హెర్ట్జ్‌లోనే మా బాపు ముప్పై ఏళ్ల అన్నం ముందు మాటలన్నీ ఉన్నాయి.

తొమ్మిది స్వరాల్లో నాలుగింటిని శ్రుతికి పెట్టాను. షడ్జమం రెండు గొంతుల్లో, ఒకటి 345, ఒకటి 346. ఆ ఒక్క అంకె తేడాకు నాలుగు సెకన్లకు మూడుసార్లు నాదం మెల్లగా ఉబ్బి తగ్గేది, తంబుర తీగ దగ్గర చెవి పెట్టినట్టు. మిగతా రెండు పంచమం, మంద్ర (కింది స్థాయి) షడ్జమం. దాని మీద ముందు 435 వేశాను. బాపు ఏమీ అనలేదు, అది ఆయన రోజూ వినేదే. తర్వాత ఒక్కో అంకె తగ్గించాను. 434, 433. 432 దగ్గర ఆయన వంగి స్పీకర్ వైపు చూశాడు. 431 వేయగానే శ్రుతీ గాంధారమూ ఒకదానిలో ఒకటి కూర్చుని గదంతా ఒక్కసారి నిమ్మళమైంది. ఫ్యాన్ చప్పుడు కూడా వినపడింది. బాపు చాలాసేపు మాట్లాడలేదు. “ఇగో, ఇది. దీనికోసమే నేను మెట్ల నడుమ దేవులాడింది” అన్నాడు. మా సార్ షటర్ సగం దించి మమ్మల్నే చూస్తూ నిలబడ్డారు.

ఆ తర్వాత ఆయన జారు అడిగాడు. పంచమం మీద నుంచి గాంధారానికి తెగకుండా దిగాలి. స్వరాన్ని మళ్లీ మీటకుండా అంకెను 517 నుంచి 431 దాకా ఒక్కొక్కటే దించుతూ పోతే చాలు, 86 మెట్లు. హార్మోనియంలో రెండు మెట్లు దూకే చోట ఇక్కడ ఎనభై ఆరు. వేశాను. దిగుతున్నది, బాగానే దిగుతున్నది, కాని మొదట్లోనే ఒకచోట కీచుమని పైకి ఎగిరి మళ్లీ కిందికి వస్తున్నది. ప్రతిసారీ అదే చోట. మూడు సాయంత్రాలు నాకు టెన్షన్. కార్డ్ పాడైందేమో, రెండు నెలల జీతం పోయిందేమో అనుకున్నాను.

చివరికి జిరాక్స్ కాగితాల్లోనే దొరికింది. ఆ సంఖ్య ఒకే గడిలో పట్టదు. కింది భాగం ఒక గడిలో, పై భాగం ఇంకో గడిలో రాయాలి. 512 దాకా పై గడిలో 2 ఉంటుంది, 511కు దిగగానే 1 కావాలి. నేను ముందు కింది గడి మారుస్తున్నాను, తర్వాత పై గడి. ఆ రెండు రాతల నడుమ కంటిరెప్ప పాటు చిప్‌కు కనిపించే సంఖ్య 767. పంచమం నుంచి దిగాల్సిన స్వరం తారాషడ్జమం (పై స) దాటి ఎగిరి వస్తున్నది అందుకే. వరస తిప్పి పై గడి ముందు రాస్తే పైకి ఎగిరే బదులు పాతాళానికి పడేది.

మందు చాలా చిన్నది. షడ్జమాన్ని 345 నుంచి 340కి దించాను. అప్పుడు పంచమం 510, గాంధారం 425. రెండూ 512 లోపలే, హద్దు దాటే పనే లేదు. పైగా 340కి ఒకటిన్నర రెట్లు సరిగ్గా 510, ఒకటింపావు సరిగ్గా 425, భిన్నం కూడా మిగలదు. ఆ రాత్రి జారు నూనెలా దిగింది. బాపు మొదటి మాట మాత్రం వేరే. “శ్రుతి పిసరంత దించినవా బిడ్డా?” నేను చెప్పకముందే పట్టుకున్నాడు. దించింది పావు స్వరం కూడా కాదు, అందులో సగం.

ఆ పిసరే మా ఇంటికి ఒక ఆస్తి మిగిల్చింది. 340 శ్రుతికి ఆయన హార్మోనియం కలవదు కదా, మెట్లు అటూ ఇటూ జరగవు. కాబట్టి పెట్టె పక్కన పెట్టి కార్డ్ శ్రుతితో నోటితో పాడటం మొదలుపెట్టాడు. జీవితమంతా ఒకరి పద్యాల వెనక వాయించిన మనిషి, తను పాడగా మేం ఇంట్లో కూడా సరిగ్గా వినలేదు. టేప్ రికార్డర్ మైకు ఒకటి కార్డ్‌కు తగిలించి ఆ పాట నేను రికార్డ్ చేశాను. ఎనిమిది బిట్ల శబ్దం, సెకనుకు 11,025 నమూనాలు (శబ్దాన్ని కొలిచి రాసుకున్న అంకెలు), ఒక్కో నమూనాకు ఒక బైట్. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో రెండు నిమిషాల పన్నెండు సెకన్లు పడుతుంది. మిషన్‌లో హార్డ్ డిస్క్ అంతా సెంటర్ వాళ్ల పత్రికలే, నాకంటూ చోటు లేదు. అందుకని రెండు నిమిషాలకోసారి ఆపి ఫ్లాపీలోకి ఎక్కించాలి. పద్యం మధ్యలో ఆగమంటే బాపు విసుక్కునేవాడు కాదు. నీళ్లు తాగి, ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే అదే ఊపిరితో అందుకునేవాడు. అలా పదకొండు ఫ్లాపీలు.

దప్పు సంగతి వేరు. అది ఆ చిప్ చేత పలికించలేకపోయాను. చిప్‌లో తాళానికి వేరే ఏర్పాటు ఉంది, ఆరు స్వరాలు ఉంచుకుని మిగతాది ఐదు డ్రమ్ములుగా వాడుకోవచ్చు. అవి ఇంగ్లిష్ బ్యాండ్ డ్రమ్ములు. కంప్యూటర్ వాయిద్యాలకు నంబర్లు ఇస్తూ 1991లో వచ్చిన జనరల్ మిడి పట్టికలో 128 వాయిద్యాలు పెట్టారు, 105 సితార్, 112 షెహనాయి. మన దప్పు, ఒగ్గు డోలు, జమిడిక ఏవీ లేవు. లేనిదాన్ని మనమే పెట్టుకోవాలి. ధర్మసాగర్ వైపు ఒక ఊరి నుంచి బాపుతో నాటకాలకు తిరిగే కాకను పిలిపించాం. సెంటర్ వెనక ఖాళీ జాగాలో గడ్డి మంట వేసి దప్పు కాచుకున్నాడు. మైకు దగ్గర పెడితే మొదటి దెబ్బకే శబ్దం పగిలిపోయింది. ఎనిమిది బిట్లలో ఉండేవి 256 మెట్లే, దప్పు దెబ్బ వాటిని ఒక్క తన్నుతో దాటిపోతుంది. మైకును పది అడుగుల దూరం, గోడ మూలకు జరిపితే సిర్ర (లావు కర్ర) దెబ్బ నిండుగా పడింది. చిటికెన పుల్ల (సన్న కర్ర) దెబ్బ మాత్రం మొద్దుబారింది. సెకనుకు పదకొండు వేల నమూనాల్లో ఐదున్నర వేల హెర్ట్జ్ పైన ఉన్నదేదీ బతకదు, పుల్ల పదును అంతా ఆ పైనే ఉంటుంది. కాక విని, “సిర్ర నాదే, పుల్ల ఎవరిదో” అన్నాడు. కాబట్టి పుల్ల ఒక్కదాన్ని విడిగా, ఎక్కువ నమూనాలతో మళ్లీ పట్టాం.

ఆ దెబ్బలను వరసగా పేర్చడానికి స్క్రీమ్ ట్రాకర్ 3 అనే ప్రోగ్రామ్ వాడాను. ఫిన్లాండ్ కుర్రాళ్ల ఫ్యూచర్ క్రూ బృందం 1994లో చేసింది, తమ్ముడే ఫ్లాపీలో తెచ్చాడు. చిప్ స్వరాలు, రికార్డ్ చేసిన దెబ్బలు రెండింటినీ ఒకే చోట పేర్చనిచ్చేది. తెర మీద పాట పైనుంచి కిందికి నడుస్తుంది, ఒక పేజీకి 64 గళ్లు. ఆదితాళం ఎనిమిది దెబ్బలకు అది అచ్చంగా సరిపోయింది, దెబ్బకు ఎనిమిది గళ్లు. ఏడు మాత్రల నడకకు 56 గళ్లే కావాలి. గళ్లు సున్నా నుంచి లెక్క కాబట్టి 55వ గడిలో ‘సి’ ఆదేశం పెడితే అక్కడ విరిచి తర్వాతి పేజీకి పోతుంది. కాక తెర వైపు చూస్తూ, అంకెలు చదవకుండానే, పేజీ ఎక్కడ విరుగుతుందో తొడ మీద దెబ్బ వేసి చూపించేవాడు. ఆ ఏడు బతుకమ్మకు మా వాడకట్టులో ఆ దరువే స్పీకర్లలో పెట్టాం. పాడింది ఆడవాళ్లు, దరువు మా కార్డ్. చీకటి పడ్డాక చెరువు కట్ట దాకా పోయేటప్పుడు మాత్రం కాక అసలు దప్పే.

2001లో పెళ్లయి నేను ఊరు మారేటప్పుడు ఆ మిషన్‌ను కార్డ్‌తో సహా ఒక సంస్థకు ఇచ్చాను. పేరు చెప్పను. పిల్లలు నేర్చుకుంటారు, మీ సంగీతం ఫైళ్లు జాగ్రత్తగా ఉంచుతాం అన్నారు. నాలుగేళ్లకు తిరిగొచ్చి అడిగితే ‘పాత సామాను అంతా అప్పుడే తూకం వేశాం కదమ్మా’ అన్నారు. దాంట్లో స్వరాల అంకెలు, జారు ప్రోగ్రామ్, కాక దప్పు దెబ్బలు అన్నీ పోయాయి. అంతకు ముందు ఏడే బాపు పోయాడు. కాక కూడా ఇప్పుడు లేడు. నా దగ్గర మిగిలింది ఇనుప ట్రంకులో చీరల అడుగున పెట్టిన పదకొండు ఫ్లాపీలు. ఒక్కొక్కటీ తీసి మళ్లీ పెట్టేదాన్ని గాని వేసి చూసే ధైర్యం చాలా ఏళ్లు రాలేదు.

2019లో యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కొన్నాను. పదకొండులో నాలుగు చదివింది. మిగతావాటి మీద బూజు, అద్దం మీద ఆవిరిలా తెల్లటి మచ్చలు. తొందరపడి ఒకదాన్ని మూడుసార్లు వేసి చూశాను, గీతలు పడి అది పూర్తిగా పోయింది. ఆ తప్పు ఇంకెవరూ చేయకూడదు. చదివిన నాలుగులో ఒకదానిలో పద్యం సగం నుంచి మొదలై, ఆఖరి గాంధారం మీద బాపు నిలబడి ఉండగా రెండు నిమిషాల పన్నెండు సెకన్లు నిండిపోతాయి. వెనకాల శ్రుతి మెల్లగా ఉబ్బి తగ్గుతుంటుంది, 340, 341. ఆ శబ్దం ఫోన్‌లో విన్న మా అమ్మాయి ‘ఇంత గరగరగా ఉందేంటమ్మా’ అంది. ఆ గరగర ఎనిమిది బిట్లది. దాని కింద ఉన్న గొంతు మాత్రం శుద్ధంగా ఉంది.

అందుకే ఆ టెండర్ పిలిచినవాళ్లను, ఇలాంటి గదులున్న ప్రతి కాలేజీని, ఆఫీసును, కోచింగ్ సెంటర్‌ను చేతులు జోడించి అడుగుతున్నాను. తూకానికి ముందు ఒక పూట ఆ పెట్టెలు విప్పించండి. సౌండ్ కార్డ్‌లు తీసి పక్కన పెట్టండి. డెస్కుల సొరుగుల్లో ఫ్లాపీలు ఉంటే చెత్తబుట్టలో వేయకండి. హార్డ్ డిస్క్‌లు సుత్తితో పగలగొట్టే ముందు ఒకసారి చూడండి. పేరు చివర వీఓసీ, సీఎంఎఫ్, ఎస్3ఎం, ఎంఓడీ అని ఉంటే అవి ఎవరో పట్టిన శబ్దాలు, కట్టిన పాటలు. నా ఒక్కదానికే ఆ పిచ్చి ఉండి ఉండదు. ఆ రోజుల్లో మన ఓరుగల్లులో, కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో ఎవరి ఇంట్లోనో ఒకరు తాత చెప్పే ఒగ్గు కథకో, నాయనమ్మ పాటకో మైకు పెట్టే ఉంటారు.

ఫ్లాపీలు ఇంట్లో ఉన్నవాళ్లకు రెండు మాటలు. ముందు ఫ్లాపీ మూల ఉన్న చిన్న తలుపు జరిపి రంధ్రం తెరవండి, అప్పుడు మిషన్ దాని మీద పొరపాటున కూడా ఏమీ రాయలేదు. రేకు మూత పక్కకు జరిపి వెలుతురులో చూడండి, తెల్ల మచ్చ కనిపిస్తే డ్రైవ్‌లో వేయకండి, తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించాకే వేయండి. ఒకసారి చదివిందంటే మళ్లీ మళ్లీ పాడించకుండా మొత్తం డిస్క్‌ను ఒక ఫైల్‌గా కాపీ చేసుకోండి. వీఓసీ శబ్దాలను సాక్స్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఇప్పటికీ విప్పుతాయి. చిప్ పాటలు వినాలంటే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ పాత కార్డ్‌లా నటించి వినిపిస్తుంది, నా జారును మళ్లీ రాసి దానిలోనే విన్నాను, బాగానే దిగింది. కాని అసలు చిప్ అసలు చిప్పే. హన్మకొండలో గ్రంథాలయమో, సంగీత కళాశాలో, యూనివర్సిటీయో ఏదో ఒకటి ఒక గదిలో నడిచే పాత మిషన్ ఒకటి, పలికే కార్డ్ ఒకటి, ఫ్లాపీ డ్రైవ్ ఒకటి ఉంచితే చాలు. ఒక టేబుల్ జాగా, ఒక ప్లగ్ పాయింట్. నడిపించే పని నేను జీతం లేకుండా చేస్తాను.

ఆ స్టోర్ రూమ్ ఎక్కడో మీ విలేకరికి తెలుసు. నా నంబర్ మీ ఆఫీసులో ఇస్తున్నాను, దయచేసి వాళ్లకు అందించండి. ఏ ఆదివారం రమ్మన్నా స్క్రూడ్రైవర్, పట్టకారు, యూఎస్‌బీ డ్రైవ్ నేనే తెచ్చుకుంటాను. సాయంత్రానికల్లా పెట్టెలన్నీ మళ్లీ బిగించి తూకానికి అప్పజెప్పుతాను. గది ఒక్క రోజు ఆలస్యంగా ఖాళీ అవుతుంది, అంతే. ఫొటోలో ముందు వరుసలో ఎడమ నుంచి రెండో పెట్టెను మాత్రం అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకుండా చూడండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హన్మకొండ